వింటామని మాటిచ్చిన చర్చి

1998 ఆగస్టు 5న ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో, కెంట్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, లాంబెత్ అనే ప్రపంచ సమావేశానికి వచ్చిన ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి నుంచి పుట్టిన సంఘాల) బిషప్పులు ఒక తీర్మానం మీద ఓటు వేశారు. అనుకూలంగా 526, వ్యతిరేకంగా 70, తటస్థంగా 45. లాంబెత్ తీర్మానం 1.10 అని పేరుపడిన ఆ కాగితం చుట్టూనే ఈ పాతికేళ్ల గొడవంతా తిరుగుతోంది. స్వలింగ సంపర్కం లేఖనానికి విరుద్ధమనీ, స్వలింగ జంటలను దీవించడాన్ని సమర్థించలేమనీ అందులో ఉంది. చర్చి వ్యవహారాలు కాస్త తెలిసిన వారందరికీ ఈ సంగతి తెలుసు. కానీ ఆ వాక్యానికి ముందే మరో మాట ఉంది. స్వలింగ ఆకర్షణ గలవారు మన మధ్యే, మన సంఘాల్లోనే ఉన్నారు. వారి అనుభవాన్ని వింటామని మాట ఇస్తున్నాం. దేవుడు వారిని ప్రేమిస్తున్నాడు. బాప్తిస్మం పొంది విశ్వాసంలో నడిచే ప్రతివారూ క్రీస్తు శరీరంలో పూర్తి సభ్యులే. ఇదీ దాని సారాంశం. స్వలింగ సంపర్కులంటే ఉండే అకారణ భయాన్ని ఖండించమని కూడా ఆ తీర్మానమే కోరింది. వివాహంలో జరిగే హింసనూ అదే వాక్యంలో ఖండించమంది.

నేను సీఎస్ఐలో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో, పుట్టి పెరిగినవాణ్ణి. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కతీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి ఒకటైన సంఘం మాది. ఇవాళ అది ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో, అంటే ప్రపంచ ఆంగ్లికన్ సంఘాల కూటమిలో, సభ్య సంఘం. మా బిషప్పులు లాంబెత్‌కు వెళతారు, మా అధిపతి అయిన మోడరేటర్ ప్రైమేట్ల (సభ్య సంఘాల అధిపతుల) వరుసలో కూర్చుంటారు. కాబట్టి ఆ మాట కాంటర్‌బరీలో ఇచ్చినదే అయినా మా డయాసిస్‌లైన (ఒక్కో బిషప్ పరిధి అయిన) దోర్నకల్‌కూ, మెదక్‌కూ, నంద్యాలకూ వర్తిస్తుంది. తీర్మానంలోని నిషేధాన్ని మా సంఘాలు పూర్తిగా తలకెత్తుకున్నాయి. వింటామన్న మాటను నిలబెట్టుకున్న సందర్భం మాత్రం నేను తిరిగిన పాస్టరేట్లలో (ఒక్కో పాస్టరు చూసుకునే సంఘాల్లో) ఒక్కటీ చూడలేదు. నా ఫిర్యాదంతా ఇదే. వినకుండా ఇచ్చిన తీర్పును దేవుని తీర్పుగా ప్రకటించే హక్కు ఏ సంఘానికీ లేదని నేను నమ్ముతున్నాను.

ఓటు వేసిన రోజునే బయట పచ్చికలో జరిగిన ఒక సంఘటన నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది. నైజీరియాలోని ఎనుగు బిషప్ ఇమ్మాన్యుయేల్ చుక్వుమాకు గే, లెస్బియన్ క్రైస్తవుల సంస్థ కార్యదర్శి రిచర్డ్ కిర్కర్ ఎదురుపడ్డాడు. చుట్టూ విలేఖరులు ఉన్నారు. బిషప్ కిర్కర్ తల మీద చెయ్యి పెట్టబోయి, అతన్ని స్వలింగ సంపర్కం నుంచి విడిపించమని యేసు నామంలో ప్రార్థించడం మొదలుపెట్టాడు. దేవుడు మిమ్మల్ని దీవించాలి అని కిర్కర్ బదులిచ్చాడు. లోపల వింటామని తీర్మానించిన రోజున బయట ఒక మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ప్రార్థనతో సరిచేయబోయారు. ఆ బిషప్‌గారి చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. ఆయన మనస్ఫూర్తిగానే ప్రార్థించి ఉంటారు. తెలుగు సంఘాల్లో పెరిగినవారికి ఆ చెయ్యి బాగా తెలుసు. కొడుకు గురించి తల్లి కన్నీళ్లతో చెప్పుకుంటే ముందు నూనె సీసా బయటికి వస్తుంది, తర్వాత మూడు రోజుల ఉపవాస ప్రార్థన, ఆ తర్వాత పెళ్లి సంబంధాలు. ఆ కొడుకును కూర్చోబెట్టి, 'నీకు ఎప్పటి నుంచి తెలుసు నాయనా, ఇన్నాళ్లూ ఎలా మోశావు' అని అడిగేవారు ఉండరు.

ఆ తర్వాతి చరిత్ర తెలిసిందే, త్వరగా చెబుతాను. 2003 నవంబర్‌లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో జీన్ రాబిన్సన్‌ను బిషప్‌గా అభిషేకించారు. పురుషుడితో కలిసి జీవిస్తున్నానని బహిరంగంగా చెప్పిన మనిషి ఆయన. బెదిరింపుల వల్ల ఆయన ఆ రోజు అంగీ కింద బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా వేసుకోవలసి వచ్చింది. 2008లో సంప్రదాయ వాదులు జెరూసలేంలో గాఫ్‌కాన్ పేరుతో వేరే సమావేశం పెట్టుకున్నారు. ఆ ఏడాది లాంబెత్‌కు 200 మందికి పైగా బిషప్పులు వెళ్లలేదు. 2023 డిసెంబర్‌లో ఇంగ్లండ్ చర్చి స్వలింగ జంటల కోసం ఆరాధనలో దీవెన ప్రార్థనలు వాడుకోవచ్చని అనుమతించింది. ఆ నిర్ణయం దారిలో ఉండగానే, అదే ఏడాది ఫిబ్రవరిలో, ఆఫ్రికా, ఆసియా ఖండాలకు చెందిన పలువురు ప్రైమేట్లు ఇకపై ఇంగ్లండ్ చర్చి ప్రధాన బిషప్ అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ను తమలో ప్రథముడిగా గుర్తించలేమని ప్రకటించారు. ఇవన్నీ పెద్ద వార్తలే. కానీ వీటి గురించి గుంటూరులోనో కరీంనగర్‌లోనో చర్చి వరండాలో నిలబడి మాట్లాడుకున్నప్పుడల్లా అవెక్కడో దూరపు దొరల తగాదాలన్నట్టే మాట్లాడుకుంటాం. అక్కడే మనకు అసలు విషయం చేజారుతుంది.

"ఇది పాశ్చాత్యుల సమస్య, మనది కాదు" అనే మాట నేను చాలామంది పెద్దల నోట విన్నాను. చరిత్ర అలా చెప్పడం లేదు. మన దేశంలో స్వలింగ సంపర్కాన్ని నేరం చేసిన 377వ సెక్షన్ 1860 నాటి భారత శిక్షాస్మృతితో వచ్చింది. రాసింది బ్రిటిష్ పాలకులు. 1950లలో ఇంగ్లండ్‌లో ఇదే తరహా చట్టాన్ని మార్చాలని అడిగినవారిలో ఇంగ్లండ్ చర్చికి చెందిన నైతిక సంక్షేమ మండలి ముందు వరుసలో ఉంది. 1957లో అక్కడి ప్రభుత్వం వేసిన వోల్ఫెండెన్ కమిటీ ఆ మార్పునే సిఫారసు చేసింది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ మైకేల్ రామ్సే స్వలింగ సంపర్కాన్ని పాపమనే నమ్మాడు, అయినా అది నేరం కాకూడదని బ్రిటిష్ పార్లమెంటులోని ప్రభువుల సభలో నిలబడి వాదించాడు. 1967లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 21 ఏళ్లు నిండిన పురుషుల విషయంలో చట్టం మారింది. ఇక్కడ జరిగింది చూడండి. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు 377ను పరిమితం చేసినప్పుడు, దాన్ని తిరిగి నిలబెట్టమని సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో వివిధ మతాల సంస్థలతో పాటు క్రైస్తవ సంస్థలూ ఉన్నాయి. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. చివరకు 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సమ్మతితో జరిగేది నేరం కాదని తేల్చినప్పుడు, జస్టిస్ ఇందు మల్హోత్రా ఈ మనుషులకూ వారి కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ బాకీ ఉందని రాశారు. ఆ బాకీలో మన వాటా కూడా ఉంది. దొరల చట్టాన్ని దొరలు వదులుకున్న అర్ధ శతాబ్దం తర్వాత కూడా దాన్ని పట్టుకుని వేలాడినవారిలో మనవాళ్లూ ఉన్నారు.

పాపమని నమ్మే మనిషి కూడా అవతలివారిని జైలుకు పంపకూడదని గట్టిగా నిలబడగలడు. రామ్సే ఉదాహరణ ఎత్తడం అందుకే. 2016లో ప్రైమేట్లందరూ కలిసి, స్వలింగ ఆకర్షణ గలవారి మీద క్రిమినల్ శిక్షలను తిరస్కరిస్తున్నామని మరోసారి ప్రకటించారు. 2023లో ఉగాండా ప్రభుత్వం కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా వెళ్లే చట్టం తెచ్చినప్పుడు అక్కడి ఆంగ్లికన్ ఆర్చిబిషప్ దాన్ని స్వాగతించారు. 1.10 తీర్మానాన్ని కాపాడుతున్నామని చెప్పుకునేవారు ఆ తీర్మానంలోని మిగతా వాక్యాలను ఏం చేశారని నేను అడుగుతాను. లేఖనానికి లోబడటమంటే నచ్చిన సగానికి లోబడటం కాదు గదా!

ఇప్పుడు లేఖనం దగ్గరికే వస్తాను, ఎందుకంటే దాన్ని తప్పించుకుని ఈ వాదన చేస్తే మా సంఘంలో ఒక్కరు కూడా వినరు, వినకపోవడం న్యాయమే. స్వలింగ సంపర్కాన్ని తప్పుబట్టే లేవీయకాండం 18, రోమా పత్రిక 1, మొదటి కొరింథీ 6 ఏం చెబుతాయో నాకు తెలుసు. వివాహం గురించి యేసు మత్తయి 19లో ఆదికాండాన్ని ఎత్తి చెప్పిన మాటలూ తెలుసు. వీటిని బట్టి సంప్రదాయ పక్షాన నిలబడినవారిని నేను మూర్ఖులని గానీ ద్వేషంతో నిండినవారని గానీ అనను. వారిలో కొందరు ఈ దారిలో తమ జీవితాన్నే పెట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ ఎబ్స్ చర్చి రెక్టర్ (ప్రధాన పాస్టరు) వాన్ రాబర్ట్స్ తనకు పురుషుల పట్ల ఆకర్షణ ఉందని 2012లో బహిరంగంగా చెప్పి, పెళ్లి లేకుండా బ్రహ్మచర్యంలోనే ఉంటానన్నాడు. మరోవైపు అదే ఎవాంజెలికల్ (బైబిలుకే కట్టుబడి ఉండాలనే) ధోరణిలో పెరిగి, ఇంగ్లండ్ ఆర్చిబిషప్పుల మండలిలో సభ్యురాలిగా పనిచేసిన జేన్ ఒజాన్ తాను లెస్బియన్‌నని 2015లో చెప్పింది. రెండేళ్ల తర్వాత ఇంగ్లండ్ చర్చి పాలక సభ అయిన జనరల్ సినడ్ చేత, స్వలింగ ఆకర్షణను 'మార్చే' చికిత్సలను ఖండించే తీర్మానం చేయించింది. ఇద్దరి ముగింపులు వేరు. ఇద్దరూ తమ జీవితం గురించి నోరు విప్పి చెప్పగలిగారు, వారి సంఘం కూర్చుని వినవలసి వచ్చింది. మన దగ్గర వాన్ రాబర్ట్స్‌కు కూడా చోటు లేదు. బ్రహ్మచారిగా ఉంటాను, నన్ను సంఘంలో ఉండనివ్వండి అని ఒక తెలుగు కుర్రాడు లేచి చెబితే వచ్చే ఆదివారం అతని పక్కన ఎంతమంది కూర్చుంటారు?

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం నేను ఎన్నిసార్లు చదివినా ఒకచోట ఆగిపోతాను. అన్యజనులు, అంటే యూదులు కానివారు, సున్నతి లేకుండా సంఘంలోకి రావచ్చా అన్నది ప్రశ్న. లేఖనం సున్నతి వైపే ఉంది, ఆదికాండం 17లో అది నిత్య నిబంధన. ఆ సభలో పేతురు లేచి అన్యజనుడైన కొర్నేలీ ఇంట్లో తాను చూసిన సంగతి గుర్తుచేశాడు. పరిశుద్ధాత్మ వారి మీదికి ఎలా వచ్చాడో చెప్పాడు. అప్పుడు సభంతా మౌనంగా ఉండి, దేవుడు అన్యజనుల మధ్య ఏం చేశాడో బర్నబా, పౌలు చెబుతుంటే ఆలకించింది. ఆ తర్వాతే యాకోబు లేఖనం ఎత్తాడు, తీర్పు చెప్పాడు. ఆ తీర్పులో జారత్వానికి దూరంగా ఉండమని కూడా ఉంది కదా అని మీరు అడుగుతారు. ఉంది. ఆ ఒక్క మాటను పట్టుకుని ఈ చర్చను రెండు వైపులా ఎంతైనా లాగవచ్చు. ఇక్కడ నేను చూస్తున్నది మొదటి సంఘం తీర్పుకు ఎలా చేరింది అన్నదాన్ని. ముందు సాక్ష్యం విన్నది. ద్వితీయోపదేశకాండం 23 నపుంసకుణ్ణి సమాజంలోకి రానివ్వకూడదంటే, యెషయా 56 అదే మనిషికి దేవుని ఇంట్లో కొడుకుల కంటే, కూతుళ్ల కంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానంటుంది. ఆ వాగ్దానం నెరవేరింది ఫిలిప్పు రథం ఎక్కి నపుంసకుడైన ఐతియొపీయుడి పక్కన కూర్చున్నప్పుడు. ఆ సంభాషణ ఫిలిప్పు అడిగిన ప్రశ్నతో మొదలైంది.

మనది అసలే సాక్ష్యాల సంఘం. స్త్రీల మైత్రిలో, గృహ కూటాల్లో, ఉపవాస ప్రార్థనల్లో సాక్ష్యానికి సమయం ఇవ్వని రోజు ఉండదు. గర్భసంచి ఆపరేషన్ దగ్గర నుంచి అమెరికా వీసా దాకా, తాగుడు మానిన భర్త దగ్గర నుంచి ఇంటర్‌లో తప్పి మళ్లీ రాసి గట్టెక్కిన పిల్ల దాకా అన్నీ మైకు ముందు వింటాం, స్తోత్రం చెబుతాం. ఒకరి బతుకులో దేవుడు ఏం చేశాడో ఆ మనిషి నోటనే వినాలని మనకు నేర్పిన సంప్రదాయం ఇది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ సంప్రదాయాన్ని మనమే తుడిచేశాం. సండే స్కూల్లో బంగారు వాక్యాలు అప్పజెప్పి, యూత్ క్వయర్‌లో పాడి, పదహారేళ్లకు తనలో తాను కనుగొన్న సంగతిని దేవునికి తప్ప ఎవరికీ చెప్పుకోలేని పిల్లలు మన బెంచీల మీదే ఉన్నారు. వాళ్లకు మనం పంపే సందేశం ప్రసంగంలో ఉండనక్కర్లేదు. మౌనమే చాలు.

ఆ మౌనం ఏం చేస్తుందో 2014లో మాంచెస్టర్ డిడ్స్‌బరీలోని ఒక ఆంగ్లికన్ సంఘం తెలుసుకుంది. వాళ్ల సంఘంలో పెరిగిన పద్నాలుగేళ్ల అమ్మాయి ప్రాణం తీసుకుంది. తనకు అమ్మాయిల పట్ల కలిగే ఆకర్షణనూ, దేవుని మీద విశ్వాసాన్నీ కలిపి ఎలా మోయాలో ఆ పసిదానికి తెలియలేదు. తల్లిదండ్రులకు చెప్పలేకపోయింది. అది ద్వేషాన్ని ప్రకటించే చర్చి కాదు. ఆ విషయం ఎత్తకుండా జాగ్రత్తగా ఉన్న చర్చి, అంతే. తర్వాత అక్కడి రెక్టర్ నిక్ బండాక్, సంఘ పెద్దలు కలిసి కూర్చుని తమను తాము ప్రశ్నించుకున్నారు. అందరినీ చేర్చుకునే సంఘమని బయటకు స్పష్టంగా చెప్పాలని నిర్ణయించుకున్నారు. కొందరు సంఘం విడిచి వెళ్లారు, అయినా వెనక్కి తగ్గలేదు. మనం ఎవరి మరణం కోసమో ఎదురుచూడవలసిన పని లేదు.

మన దగ్గర ఆ మౌనానికి ఎక్కువగా బలయ్యేది మాత్రం చాలాసార్లు మూడో మనిషి. మా పాత పాస్టరేట్‌లో చెల్లి అని నేను పిలిచే ఒక అమ్మాయి ఉంది. ఆమె పెళ్లి ప్రకటన వరుసగా మూడు ఆదివారాలు చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయమని చదివిన తర్వాత, చర్చి అంతా ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉండి పాటలోకి వెళ్లిపోయింది. మూడో ప్రకటన రోజున పెళ్లికొడుకు ఆరాధనకు రాలేదు, జ్వరమన్నారు. ఏడాది తిరిగేసరికి ఆమె పుట్టింటికి వచ్చేసింది. పెద్దలు వెళ్లి, "సర్దుకో తల్లీ, ప్రార్థన మానకు, ఒక బిడ్డ పుడితే అన్నీ కుదుటపడతాయి" అని చెప్పి వచ్చారు. చాలాకాలం తర్వాత ఆమె నాతో అన్నది: "అన్నయ్యా, ఆయన చెడ్డవాడు కాదు. పెళ్లికి ముందే వాళ్ల అమ్మకు చెప్పుకున్నాడట. అయ్యగారికీ చెప్పుకున్నాడట. అందరూ కలిసి ప్రార్థన చేశారట. నాకొక్కదానికే ఎవరూ చెప్పలేదు."

ఆ మాట విన్నాక ఈ వాదనలో నేను మధ్యస్థంగా ఉండలేకపోయాను. ఆ అబ్బాయిని విన్నట్టే విని, అతను చెప్పింది ఒక రోగ లక్షణంగా తీసుకుని, దానికి మందుగా ఒక ఆడపిల్లను ఇచ్చారు. ప్రార్థనలో కూర్చున్న ఆ నలుగురైదుగురికీ ఆమె గుర్తు రాలేదు. వివాహ వ్యవస్థను కాపాడాలని గొంతెత్తే సంఘం తన చేతులతో వేసిన ముడి అది. వివాహం పవిత్రమని నమ్మేవారు నాకంటే ముందు దీనికి అడ్డుపడాలి.

విని తీర్పు చెప్పడం ఎలా ఉంటుందో మద్రాసు హైకోర్టులో ఒక న్యాయమూర్తి చూపించారు. 2021లో ఇద్దరు యువతులు కుటుంబాల నుంచి రక్షణ కోరుతూ వచ్చారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందు తనకే ఈ విషయం సరిగా అర్థం కాలేదని తీర్పులోనే రాసుకున్నారు. అర్థం కాని విషయం మీద తీర్పు రాయడం ఇష్టం లేక, ఒక మానసిక నిపుణురాలి దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకున్నారు. ఆ సమాజానికి చెందినవారిని కలిసి ప్రశ్నలు అడిగారు. తనను చీకటిలోంచి వెలుగులోకి తెచ్చిన గురువులని వారిని పేర్కొన్నారు. ఆ తర్వాతే, జూన్ 7న, ఇలాంటి ఆకర్షణను 'నయం' చేస్తామనే ప్రయత్నాలను నిషేధించమని ఆదేశించారు. ఆయన బిషప్ కాదు, ఏ సినడ్‌కూ మాట ఇచ్చినవాడు కాదు. లాంబెత్‌లో మనవాళ్లు ఇచ్చిన మాటను ఆయన తన కోర్టు గదిలో నిలబెట్టారు. "సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువాడు తన మూఢతను బయలుపరచి సిగ్గునొందును" అని సామెతలు 18:13లో మనం కంఠస్థం చేసిన వాక్యం.

నా అభిప్రాయం దాచుకోను. ఒకరికొకరు నమ్మకంగా, జీవితాంతం కలిసి ఉండే ఇద్దరు స్త్రీలను గానీ ఇద్దరు పురుషులను గానీ దేవుడు తన బల్ల దగ్గర నుంచి పంపివేస్తాడని నేను నమ్మను. పౌలు రోమా పత్రికలో గద్దించింది విగ్రహాలకు మొక్కి కామంలో పడినవారిని. చిన్నప్పటి నుంచి ప్రార్థిస్తూ, ఏడుస్తూ, ఇంకా ప్రభువునే పట్టుకుని ఉన్న మనిషి ముఖం నాకు ఆ వచనాల్లో కనబడదు. నాతో ఏకీభవించని ప్రెస్బిటర్లు (పాస్టర్లు), సంఘ పెద్దలు నాకు ఆప్తులు, వారి ప్రార్థనల్లో పెరిగాను. వారిని నేను ముందు అడిగేది ఓటు కాదు, వినమని.

ఇంగ్లండ్ ఏం చేస్తుందో చూసి చేద్దామనే మాట కూడా మనకు తగదు. మా సంఘం స్త్రీలకు గురుత్వ అభిషేకం ఇవ్వడం, అంటే పాస్టర్లుగా నియమించడం, 1976లో మొదలుపెట్టింది. ఇంగ్లండ్ చర్చి 1994 దాకా ఆగింది. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత బిషప్ అయ్యారు. ఇంగ్లండ్‌లో మొదటి మహిళా బిషప్ వచ్చింది 2015లో. స్త్రీ ఉపదేశించరాదని తిమోతి పత్రికలో ఎంత సూటిగా ఉందో మనకు తెలుసు. ఆ వచనాన్ని చింపి పారేయలేదు, దాని పక్కన స్త్రీల సేవను చూశాం, వారు చెప్పింది విన్నాం, నిర్ణయించుకున్నాం. ఒక తెలుగు డయాసిస్ కాంటర్‌బరీ కంటే ముందు నడిచింది. వినడం చేతకాని సంఘం కాదు మనది.

భారత చర్చిల జాతీయ మండలిలో ఈ విషయం మీద సదస్సులు జరిగాయి. అవి నాగ్‌పూర్‌లోనో బెంగళూరులోనో వేదాంత కళాశాలల హాళ్లలో జరిగి అక్కడే ఆగిపోకూడదు. డయాసిస్ కౌన్సిల్‌లో ఒక పూట కేటాయించి, పేరు బయటపెట్టకుండానైనా సరే, మన సంఘాల్లో పెరిగిన ఇలాంటి నలుగురు మాట్లాడేలా, బిషప్‌గారితో సహా అందరూ అడ్డు చెప్పకుండా వినేలా చూడాలి. బదులుగా ప్రసంగం వద్దు, తల మీద చేతులు వద్దు. కౌన్సిల్‌కు సమయం పడుతుందంటే అర్థం చేసుకుంటాను. పెళ్లి విషయంలో మాత్రం ఆగనక్కర్లేదు. మొదటి ప్రకటన చదివే ముందు ప్రతి ప్రెస్బిటర్ ఆ ఇద్దరినీ విడివిడిగా, తల్లిదండ్రులు లేకుండా కూర్చోబెట్టి, ఈ పెళ్లి నీకు ఇష్టమేనా, నన్ను ఆపమంటావా అని అడగాలి. ఆపమంటే ఆపాలి, ఎందుకు ఆపారో బయటికి చెప్పకూడదు. అబ్బాయి తన సంగతి చెప్పుకుంటే, ఆ అమ్మాయికి తెలియకుండా ఆ ప్రకటన చదవకూడదు. దీనికి సినడ్ అనుమతి అవసరం లేదు, లాంబెత్ వరకు వెళ్లనవసరం లేదు. వచ్చే ఆదివారం చదవబోయే ప్రకటనతోనే మొదలుపెట్టవచ్చు.